మునెప్ప గొంతు, రాత్రి సంగటి

చిత్తూరు జిల్లా పడమటి ఊళ్ళలో సగం కడుపులు నా చేతి మీదుగా పోయాయని పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెబుతుంటాను. అబద్ధం. నా చేతి మీదుగా పోయినవి ఎక్కువగా జ్వరాలు, కుక్కకాట్లు, తేలుకాట్లు. అయితే కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఆసుపత్రుల్లో నేను కూర్చున్న కాలమంతా, అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకొని "సార్, ఈడ మంట" అని ఎవరో ఒకరు రాని రోజు లేదు. ఇందులో మాత్రం అతిశయం లేదు. ఆదివారాలు తీసేయండి.

ఇప్పుడిప్పుడే డాక్టర్లయి ఇలాంటి ఊళ్ళకు పోస్టింగు మీద వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం గురించి మీ పుస్తకాల్లో బొమ్మతో సహా ఉంది. బొమ్మ సరైనదే. ఆ బొమ్మలో లేనిది ఒకటుంది: రోగి రాత్రి ఎన్ని గంటలకు తింటాడు, ఎవరితో కూర్చొని తింటాడు, తిన్న తర్వాత ఎక్కడ పడుకుంటాడు అన్నది. అది నాకు నేర్పింది మునెప్ప అనే మనిషి. మదనపల్లె టమోటా మండీలో వేలం పాడేవాడు. గొంతే అతని బతుకు. ఆ గొంతు పోతున్న రోజుల్లో అతను నా దగ్గరికి వచ్చాడు. అతని కథే ఎక్కువగా చెబుతాను. అతని దగ్గరికి వచ్చేలోపు నాకు కాస్తోకూస్తో బుద్ధి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

కుప్పం: ముందు గుండె, తర్వాతే కడుపు

నా మొదటి పోస్టింగు కుప్పం. అక్కడి పెద్దడాక్టరుగారు పొట్టిమనిషి, నోరు మాత్రం పొడుగు. ఒకరోజు రాళ్ళ క్వారీలో పనిచేసే నడివయసు మనిషి వచ్చి "రొమ్ములో మంట సార్, గ్యాసు పట్టినట్లుండాది" అన్నాడు. నేను గ్యాసు మాత్ర రాసి చేతిలో పెట్టాను. అతను గుమ్మం దాటుతుండగా పెద్దడాక్టరు ఎదురొచ్చి, చీటీ చూసి, ఆ మనిషిని అక్కడే ఆపారు.

"ఏమప్పా, వంగితే వస్తాదా మంట, మిట్ట ఎక్కితే వస్తాదా?"

"మిట్ట ఎక్కితే సార్. రోంతసేపు నిలబడుకుంటే పోతాది."

"చెమటలు?"

"పడతాయి సార్."

ఈసీజీ తీస్తే గుండె. ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు కూడా వెయ్యకుండా తిట్టారు. "గ్యాసు అని వాడు చెప్పినాడు, గ్యాసు అని నువ్వు రాసినావు. మరి వాడికీ నీకూ తేడా ఏముండాదయ్యా? వాడు నీ కోటు ఏసుకోని నీ కుర్చీలో కూర్చున్నా పని నడిచిపోతాది గదా!"

ఆ క్వారీ మనిషిని నేనే బతికించానని పుంగనూరుకు బదిలీ అయ్యాక చాలామందికి చెప్పాను. బతికించింది పెద్దడాక్టరు. నేను స్ట్రెచరు తోశాను. అదీ ఒకవైపే.

కాబట్టి మొదటి మాట. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చే మంట, చెమటతో వచ్చేది, దవడకో ఎడమ చేతికో పాకేది కడుపు మంట అనుకోకండి. మింగుడు పడకపోయినా, మనిషి చిక్కిపోతున్నా, వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా మీ ఉపన్యాసం ఆపి పెద్దాసుపత్రికి పంపండి. అలవాట్లు మార్చుకోమని చెప్పడం ఇవన్నీ లేవని తేలాకే.

పుంగనూరు: మానెయ్యమని చెప్పడం ఎంత తేలిక

పుంగనూరులో పాలకు కరువు లేదు. మంట వచ్చిందంటే గ్లాసెడు చల్లటి పాలు తాగడం అక్కడ ఇంటింటి వైద్యం. తాగిన వెంటనే హాయిగా ఉంటుంది. గంటన్నర తర్వాత కడుపు ఆ పాలను అరిగించడానికి ఇంకా ఆమ్లం ఊరించుకుంటుంది, మంట మళ్ళీ మొదలు. కొందరు వంటసోడా నీళ్ళలో కలుపుకొని తాగి గట్టిగా తేన్చి, రోగం బయటికి పోయిందని మురిసిపోయేవాళ్ళు. అందులో ఉప్పే ఎక్కువ. రక్తపోటు ఉన్నవాడికి అది రోజూ పనికి రాదు.

ఇవి కాదు నా తప్పు. నా తప్పు నోటితో చేసింది. మంట అని ఎవరొచ్చినా కారం మానెయ్యి, పులుపు మానెయ్యి, టీ, కాఫీ, నూనె వస్తువులు, వేరుశెనగ, మాంసం, వక్కాకు అన్నీ మానెయ్యి అని ఊపిరి పీల్చకుండా అప్పజెప్పేవాణ్ణి. నాకదొక గొప్ప. ఒకసారి ఒక ముసలామె అంతా విని, కొంగు సవరించుకొని అడిగింది:

"సామీ, ఇడిసిపెట్టేటియి అన్నీ చెప్పితివి. తినేటియి ఏమన్నా మిగిలుంటే అది గూడా చెప్పు, పొయ్యొస్తాను."

బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది. రెండు రోజుల తర్వాత గానీ ఆమె అడిగింది వైద్యపు ప్రశ్న అని తలకెక్కలేదు. అందరికీ అన్నీ పడకుండా పోవు. ఒకరికి కాఫీ, ఒకరికి పచ్చిమిరపకాయ, ఇంకొకరికి ఏదీ కాదు, తిన్న వేళే. ఏది తిన్న రోజు మంట వస్తున్నదో వాళ్ళనే గమనించుకొని రమ్మని, ఆ ఒకటి రెండింటి మీదే పట్టుబట్టడం అప్పటినుంచి మొదలుపెట్టాను. పెద్ద జాబితా ఇస్తే రోగి ఇంటికి చేరేలోపే దాన్ని బస్సులో వదిలేస్తాడు.

మునెప్ప

ఇక మదనపల్లె. నా ఉద్యోగం చివరి ఏళ్ళు.

టమోటా మండీ చూడనివాళ్ళకు ఒక మాట. రైతులు తెచ్చిన కాయ ప్లాస్టిక్ బాక్సుల్లో వరసలు వరసలుగా దిగుతుంది. వేలం పాడేవాడు వరస వెంబడి నడుస్తూ ధర అరుస్తాడు. చుట్టూ వ్యాపారులు, లారీల హారన్లు, హమాలీల కేకలు. ఆ రొదలో అతని గొంతు చివరి మనిషికి చేరకపోతే ధర పెరగదు. ధర పెరగకపోతే రైతు వచ్చే వారం కాయ పక్క మండీకి తోలతాడు. అందుకే మంచి గొంతున్నవాణ్ణి మండీ యజమానులు అల్లుణ్ణి చూసుకున్నట్లు చూసుకుంటారు, గొంతు ఉన్నంతకాలం.

మునెప్పది పుంగనూరు రోడ్డులో ఒక పల్లె. రెండెకరాల మెట్ట, ఒక మూల టమోటా తోట, రెండు పాడి ఆవులు. నలభై దాటిన మనిషి, కొంచెం బొజ్జ, బొజ్జ మీద బిగించి కట్టిన పచ్చ బెల్టు. మండీ మనుషులు కట్టుకునే జేబుల బెల్టే. నా ముందు కూర్చొని ఏదో చెప్పాడు. తలుపు గీరినట్లు వినిపించింది.

"గట్టిగా చెప్పప్పా."

"గట్టిగా రాకనే గదా సార్ వచ్చిండేది!"

పొద్దున లేస్తే గొంతు అసలు పెగలదు. ఎప్పుడూ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది, గొరగొరమని సవరించుకుంటూ ఉంటాడు. మంట ఉందా అంటే లేదన్నాడు. నెలల తరబడి ఊరిలో ఉన్న సిరపులన్నీ తాగాడు. అరిచి అరిచి గొంతు అరిగిపోయిందని అందరూ తేల్చారు, నేనూ తేల్చాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. బెల్టు జేబులోంచి పిడికెడు పిప్పరమెంటు బిళ్ళలు తీసి "ఇవి సప్పరిస్తాండా సార్, మంచిదేనా?" అని అడిగితే, మంచిదే అని చెప్పి, ఇంకాస్త ఘాటుగా ఉండే రకం పేరు కూడా చెప్పాను.

మూడు వారాలకు ఇంకా దిగజారి వచ్చాడు. ఈసారి వెంట భయాన్ని కూడా తెచ్చాడు. "మా మండీ ఓనరు శీనప్ప చెప్పేసినాడు సార్. ఎండాకాలం కాయ దిగేలోపల గొంతు రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాడంట. గొంతు ల్యాకపోతే నేను యాడికి పోవల్ల? ఇంగేం పని తెలుసు నాకు?"

బొంగురు మూడు వారాలు దాటితే గొంతు లోపలికి చూడకుండా మందులు మార్చుకుంటూ కూర్చోకూడదు. అది తెలిసీ అప్పటికే ఆలస్యం చేశాను. తిరుపతిలో గొంతు డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన గొట్టం వేసి చూసి, గడ్డలేమీ లేవు, గొంతు వెనకభాగం ఎర్రగా వాచి ఉంది, కింది నుంచి ఆమ్లం వచ్చి తగులుతున్నట్టుంది అని చెప్పి పంపించారు. ఛాతీలో మంట లేకుండానే ఇది గొంతుకు ఎక్కగలదు. పుస్తకంలో చదివాను. మనిషిలో చదవలేదు.

గడ్డ లేదన్నందుకు మునెప్ప సంతోషించాడు గానీ, మిగతాది అతనికి రుచించలేదు. "గొంతు పోతే కడుపుకు మందా సార్? టైరు పంచరైతే హారన్ మార్చినట్లుండాది!"

అతని రోజు

అప్పుడు గానీ నేను అడగవలసింది అడగలేదు. పొద్దున లేచిన దగ్గరినుంచి ఏం చేస్తావో చెప్పమన్నాను.

కోడి కూయకముందే లేస్తాడు. ఖాళీ కడుపున టీ, మండీలో ఇంకో రెండు టీలు. నడుమ ఒక మిరపకాయ బజ్జీ, నోట్లో పిప్పరమెంటు. మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఏదో కొంచెం తిని కునుకు తీస్తాడు. సాయంత్రం భార్య గంగులమ్మ పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చి, పొయ్యి వెలిగిస్తుంది. రాత్రి అందరూ కూర్చున్నాక సంగటి. ముద్ద మీద ముద్ద, నంజుకోను టమోటా ఊరిబిండి అనే రోటిపచ్చడి, పైన చెంబెడు మజ్జిగ. చెయ్యి కడుక్కొని నేరుగా మంచం.

సంగటి సంగతి మీరు ఈ ప్రాంతం వాళ్ళు కాకపోతే తెలియదు. రాగిసంగటి నమలరు, మింగుతారు. నమిలేవాణ్ణి చూసి చంటిబిడ్డలు కూడా నవ్వుతారు. తుంచి, ఊరిబిండిలో అద్ది, గొంతులోకి జారవిడిస్తే అంతే. అలా తింటే ఎంత తిన్నదీ లెక్క తెలియదు, కడుపు నిండిన సంగతి తెలిసేలోపే ఇంకో రెండు ముద్దలు లోపలికి పోయి ఉంటాయి. ఆ నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే, మూత సరిగ్గా పడని కుండను పక్కకు వంచినట్లే.

సంగటిని నేను తప్పు పట్టడం లేదు, జాగ్రత్తగా చదవండి. రాగి మంచి ధాన్యం. దాన్ని మానెయ్యమని చెప్పే డాక్టరు మా ప్రాంతంలో రెండోరోజు ఈగలు తోలుకోవలసిందే. తప్పు వేళది, కొలతది, పడకది.

మునెప్పకు ఇలా చెప్పాను. పిప్పరమెంటు ఈరోజే పారెయ్యి, అది గొంతుకు చల్లగా ఉంటుంది గానీ కడుపు పైన ఉండే బిగింపును వదులు చేస్తుంది (మంచిదే అని ముందు చెప్పింది ఎవరో అతను అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు). బెల్టు రెండు రంధ్రాలు వదులు చెయ్యి. టీ తాగే ముందు ఏదైనా తిను. సంగటి మధ్యాహ్నం తిను, చిన్న ముద్దలుగా, నిదానంగా, తిన్న వెంటనే కునుకు మాత్రం వద్దు. సాయంత్రం తేలికగా, పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టు. ఎడమవైపు తిరిగి పడుకో. బొజ్జ కొంత తగ్గాలి. మాత్ర పొద్దున తినడానికి అరగంట ముందు. మాత్ర ఒక్కటే చాలని కూర్చుంటే కుదరదు.

మొదటి వారమే వచ్చి మంచం మీద ఫిర్యాదు చేశాడు. "తెల్లారేసరికి నేను కాళ్ళకట్ట కాడుండాను సార్, దిండు ఒగటే పైన పండుకోనుండాది!" ఆరా తీస్తే, ఇటుకలు దొరక్క మోకాలెత్తు రాళ్ళు పెట్టాడట. జానెడు లోపు చాలు అన్నాను. దిండ్ల మీద దిండ్లు పేర్చుకోవడం కూడా వద్దు. నడుము దగ్గర మడత పడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది.

ఇంత వివరంగా చెప్పి, చివర నేను ఒక మాట కలిపాను. "ఇదంతా పథ్యం అనుకో మునెప్పా. పథ్యం చెడకూడదు."

"అట్లా చెప్పండి సార్! పథ్యం అంటే నాకు తెలీదా? పసరిక లేసి కండ్లు పచ్చబడినప్పుడు ఆకుమందు తిని ఉప్పు ల్యాకుండా కూడు తిన్నోణ్ణి. సూడండి మీరు, ఎట్లుంటానో!"

ఉన్నాడు. నా ఉద్యోగంలో చెప్పింది చెప్పినట్టు చేసిన రోగి అతనొక్కడే. సంగటి మధ్యాహ్నానికి మారింది. చీకటి పడకముందే తాను ఒక్కడూ రెండు ఇడ్లీలో, కాస్త జొన్నన్నమో తిని, కాసేపు వీధిలో తిరిగి, ఇటుకల మంచం ఎక్కేవాడు. రెండు నెలలు గడిచేసరికి గొంతు విచ్చుకుంది. ఆసుపత్రిలో నేను ఆగలేదు. కత్తి లేకుండానే గొంతు తెప్పించానని నర్సులకు, ల్యాబు వాళ్ళకు, చివరికి క్యాంటీను వాడికి కూడా చెప్పాను. మాత్రలు నిదానంగా తగ్గించుకుంటూ రమ్మని చెప్పి, నా బాధ్యత తీరిందనుకున్నాను.

పథ్యం విడుపు

ఎండలు ముదిరాయి. కాయ మండీకి పోటెత్తింది. సీజను మొదటిరోజు మునెప్ప వేలం మొదలుపెట్టి మొదటి వరస సగంలో ఉండగా అతని గొంతు చీలిపోయింది. నేను అక్కడ లేను. తర్వాత అతనే చెప్పాడు. ధర పైకి పోతుండగా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక వ్యాపారి "ఏం మునెప్పా, కప్పను మింగినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. వెనక ఉన్నవాళ్ళకు ధర వినబడక ఆ వరస తక్కువకే పోయింది. కాయ తెచ్చిన రైతు శీనప్ప మీదికి పోయాడు. శీనప్ప మునెప్పను వేలం నుంచి తప్పించి, వేరే మండీ నుంచి ఒకణ్ణి పిలిపించి, ఇతన్ని తూకం దగ్గర నిలబెట్టాడు.

మరుసటి రోజు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు.

"మీ మందు పన్జెయ్యలేదు సార్."

"పథ్యం ఉన్నావా?"

"ఉండి, ఇడిసినా గదా!"

"విడవడం ఏంది?"

"ఏంది సార్ అట్లంటారు? గొంతు వచ్చినాక పథ్యం ఇడవల్ల గదా. ఉగాది అయినాక మంచిరోజు సూసి, తలకు పోసుకోని, ఇంటి దేవునికి కోడిని కోసి, చుట్టాల్ని పిలిసి ఇడిసినాము. రాత్రికి సంగటి, కోడికూర. ఆ పొద్దు నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నా. పథ్యం ఇడిసినాక మళ్ళా మామూలే గదా!"

ఆ మామూలులోకి పోయి అప్పటికి నెల దాటింది. పిప్పరమెంటు కూడా తిరిగి జేబులోకి వచ్చింది.

నేను కలకడ మండలంలో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు పసరికలు లేస్తే మా అమ్మ నాకు ఉప్పులేని కూడు పెట్టి, పథ్యం విడిచిన రోజు నెత్తిన నీళ్ళు పోసి, కారంగా కోడికూర పెట్టింది. మా దిక్కున పథ్యానికి మొదలూ ఉంటుంది, చివరా ఉంటుంది. చివర పండగ ఉంటుంది. అది తెలియని పల్లె లేదు. డాక్టరు చదువు చదివి వచ్చిన నేను ఆ మాటను జీవితాంతం ఉండవలసిన అలవాటుకు తగిలించాను. మునెప్ప నా వైద్యాన్ని ఉల్లంఘించలేదు. చివరి పండగతో సహా, తూచా తప్పకుండా పాటించాడు. కొత్త డాక్టర్లకు నేను చెప్పేది ఇదే. ఈ జబ్బులో "పథ్యం" అనకండి. "కోర్సు" అనీ అనకండి. ముగింపు ఉన్న మాట ఏది వాడినా ముగించేస్తారు.

గంగులమ్మ

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పల్లెకు పోయాను. దారి తప్పి వచ్చానని చెప్పాను. ఆ దారిలో తప్పడానికి వేరే దారి లేదు, వాళ్ళూ నమ్మలేదు.

గంగులమ్మ సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. మజ్జిగ ఇచ్చి, గడపకు ఆనుకొని నిలబడింది. నేను మళ్ళీ వేళలు మార్చాలని మొదలుపెట్టగానే ఆమె అడ్డం తగిలింది.

"మీకేం సార్, చెప్పి పోతారు. పొద్దన్నే ఆయప్ప మండీకి పాయ. పిలకాయలు బడికి పాయ. నేను గడ్డికి పాయ. నలుగురం ఒగ దగ్గర కూసునేది ఆ రాత్రి కూటికాడే. ఆ రెండు నెలలూ ఆయప్ప ఒగడే ముందే తిని పండుకునె. మేము ముగ్గురం బీగం ఏసిన ఇంట్లో కూసున్నట్లు తింటిమి. పిలకాయలు నాయనతో మాట్లాడేదెప్పుడు? అందుకే పథ్యం ఎప్పుడెప్పుడు ఇడుద్దామా అని నేనే సూస్తాంటి. కోడిని కోసింది నేనే. తప్పా?"

తప్పు కాదు. రెండు నెలలపాటు నేను మునెప్ప కడుపును మాత్రమే చూశాను. వంట చేసే మనిషిని నా గదిలోకి ఒక్కసారీ పిలవలేదు. అదే నా అసలు పొరపాటు. పిప్పరమెంటు కంటే పెద్దది.

"తప్పు లేదమ్మా," అన్నాను. "కానీ ఆ గొంతు ఇంకోసారి పోతే శీనప్ప తూకం దగ్గర కూడా ఉంచుకోడు. అందరూ కలిసి తినాల, ఆయన పొద్దు ఉండగానే తినాల. రెండూ కుదిరే దారి నాకు తెలీదు. నీ ఇల్లు, నీ పొయ్యి. నువ్వు చెప్పు."

 ఆమె మునెప్ప వైపు చూసింది. అతను ఇటుకల మంచం మీద కూర్చొని నేలచూపులు చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళు సార్ ఇట్లా?" అన్నాడు నీరసంగా. "పానం ఉన్నంతకాలమా?"

"నీ తోటలో టమోటా చెట్టుకు కట్టెలు నాటి తాడుతో కడతావు కదా. కాయ బాగా దిగిందని కట్టెలు పీకేస్తావా?"

"యాల పీకుతా సార్? కాయ బరువుకే గదా చెట్టు పడేది."

"మరి?"

 మాట గంగులమ్మ అందుకుంది. "సరే పో. పాలు పోసి వచ్చినాక వండేది ఇంగ లేదు. పిలకాయలు బడి నుంచి రాంగానే పొయ్యి పెడతా. అందరం తినేసినాకే ఆవుల కాడికి పోతా. ఆవులు రోంతసేపు అరుస్తాయి. అరవనీ. ఈ ఇంట్లో అవన్నా అరుస్తాండల్ల గదా!"

మునెప్ప నవ్వాడు. గొంతు లేకపోవడంతో ఆ నవ్వు వినబడలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

పల్లె ఊరుకోలేదని తర్వాత విన్నాను. ఎదురింటి అత్త గంగులమ్మను అడిగిందట: "ఏమ్మే, కోళ్ళు గూట్లోకి పోకముందే మీ ఇంట్లో కూడు తింటారంట?" గంగులమ్మ ఊరుకునే రకమా? "అవునత్తా. కోళ్ళకు పొద్దన్నే గొంతు ఎంత బాగుంటాదో ఇన్లేదా?"

రాత్రి సంగటి మళ్ళీ మధ్యాహ్నానికి మారింది, ఈసారి అక్కడే ఉండిపోయింది. సాయంత్రం అన్నమో రొట్టెలో, పులుపు తక్కువ పప్పుతో. పెళ్ళిళ్ళలో రాత్రి భోజనానికి బలవంతపెడితే ఒక ముద్ద తిని, రెండు గంటలు కూర్చొని కబుర్లు చెప్పి, అప్పుడు పడుకునేవాడు. ఎప్పుడో ఒకసారి తప్పినా కొంప మునగదని నేనే చెప్పాను. కచ్చితంగా ఉండమంటే మనుషులు రెండోసారి తప్పిన రోజే మొత్తం వదిలేస్తారు. మీరూ కాస్త సందు ఇవ్వండి.

రెండో వేలం

శీనప్పకు నచ్చజెప్పడానికి నేను ఒకసారి మండీకి పోయాను. నా మాటకు మండీ అంతా వణికిందని చెప్పుకోవచ్చు గానీ, ఆయన నాకు టీ ఇప్పించి పంపేశాడు. "సార్, మునెప్ప మంచోడే. గొంతు ఉంటే పాడతాడు, ల్యాకపోతే తూకం కాడ ఉంటాడు. రైతుకు ధర రాకపోతే నన్ను అడుగుతాడు గానీ మిమ్మల్ని అడగడు గదా. మండీ ఆస్పత్రి కాదు సార్." ఆయన అన్నదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు.

గొంతు ఈసారి నిదానంగా వచ్చింది. వాపు తగ్గడానికి గొంతు ఛాతీ కంటే ఎక్కువకాలం తీసుకుంటుంది. రోగి ఓపిక పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. మధ్యలో ఒకసారి వచ్చి "ఇంగ రాదేమో సార్, తూకమే గతి" అన్నాడు. మాత్ర పెంచమని అడిగాడు. పెంచలేదు. గొంతు డాక్టరుకు మళ్ళీ చూపిస్తే ఎరుపు తగ్గుతోందన్నారు. అది చెప్పి పంపించాను.

సీజను నడిమధ్యలో ఒకరోజు కాయ విపరీతంగా దిగింది. ఒక్కడు పాడితే మధ్యాహ్నం దాటినా తెమలదని శీనప్పకు అర్థమైంది. తూకం వైపు తిరిగి "ఏం మునెప్పా, పాడతావా, ఇంగా కప్ప ఉండాదా లోపల?" అన్నాడు. ఆ పొద్దు టమోటాలు కొనాలని నేను అక్కడే ఉన్నాను. టమోటాలు మా వీధి చివరే దొరుకుతాయి. మునెప్ప ముందురోజు ఫోన్ చేసి "రేపు కాయ ఎక్కువ దిగుతాదంట సార్" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఎందుకు చేశాడో నేనూ అడగలేదు.

అతను వదులుగా ఉన్న బెల్టు సవరించుకొని, ఒక గుక్క నీళ్ళు తాగి, వరస మొదట్లో నిలబడ్డాడు. మొదటి అంకె గొణుగుడులా వచ్చింది. ఎవరో వెనకనుంచి "ఇనపల్లే" అన్నారు. రెండోది కాస్త పైకి లేచింది. వరస సగానికి వచ్చేసరికి, అంతకుముందు చీలిపోయిన చోటికి, గొంతు ఒక్కసారి జీరబోయింది. శీనప్ప తల ఎత్తాడు. మునెప్ప ఆగలేదు, అరవనూ లేదు. గొంతును కాస్త కిందికి దించి, ధరను నిదానంగా, ఒక్కొక్క అంకె విరిచి చెబుతూ నడిచాడు. వరస అయిపోయింది. కాయ మంచి ధరకే పోయింది. శీనప్ప రెండో వరస వైపు చెయ్యి చూపించాడు.

అప్పటినుంచి ఆ మండీలో ఇద్దరు పాడుతున్నారు. సగం వరసలు మునెప్పవి, సగం రెండోవాడివి. మునెప్పకు అది కొంచెం చిన్నతనమే. కానీ ఒక్కడే అంతా అరవకపోవడం అతని గొంతుకు మేలే చేసింది.

ఆ పొద్దు మునెప్ప గొంతు బస్టాండు దాకా వినబడిందని నేను ఊరంతా చెప్పాను, ఇప్పటికీ చెబుతుంటాను. వినబడలేదు. మండీ గేటు దాకా వినబడింది. అది చాలు. కొనేవాళ్ళంతా గేటు లోపలే ఉంటారు.